ఈత మానేసి టీవీకి వెళ్ళి నిలబడ్డవాళ్ళు ఉన్నారా? మా మేనకోడలి కోసం అడుగుతున్నా

కృష్ణలంక_మావయ్య
నమస్కారం అందరికీ. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఏమనుకోకండి. మా అక్క కూతురికి 19 ఏళ్ళు. ఆరో ఏట నుంచీ ఈతే లోకం. పొద్దున్నే నాలుగున్నరకి లేచి, బండి వెనక కూర్చుని నా వీపు మీద నిద్రపోతూ పూల్‌కి రావడం, ఇది పదమూడేళ్ళు చేసింది. సగం రోజులు ఆ బండి నడిపింది నేనే. దాని ఈవెంట్లు 200, 400 ఐఎం. తెలియనివాళ్ళకి చెప్తున్నా, ఐఎం అంటే ఒక్కళ్ళే నాలుగు రకాల ఈతలూ వరసగా కొట్టాలి, ముందు బటర్‌ఫ్లై, తర్వాత బ్యాక్‌స్ట్రోక్, ఆ తర్వాత బ్రెస్ట్‌స్ట్రోక్, చివర ఫ్రీస్టయిల్. స్టేట్ మెడల్స్ ఉన్నాయి. నేషనల్స్‌కి మూడుసార్లు వెళ్ళింది గానీ ఫైనల్‌కి ఎప్పుడూ రాలేదు. పోయినేడాది నుంచి కుడి భుజం నొప్పి. ఇక మానేస్తానంటోంది.

మానేయడం గురించి గొడవ లేదు. మానేసి టీవీలో స్పోర్ట్స్ యాంకర్ అవుతుందట. మా బావది ఒకటే పాట, స్పోర్ట్స్ కోటాలో రైల్వేకి పెట్టుకో, ఉద్యోగం వచ్చాక నీ ఇష్టం అని. అక్క ఏమీ అనదు, వంటింట్లో గిన్నెలు గట్టిగా పెడుతుంది, అంతే. పంచాయితీకి నన్ను కూర్చోబెట్టారు. ఈతగాళ్ళు టీవీకి వెళ్ళి నిలదొక్కుకున్న దాఖలాలు ఉన్నాయా? క్రికెటర్ల సంగతి చెప్పకండి, వాళ్ళది వేరే లోకం.

కోటప్పకొండ_ప్రభ
పదమూడేళ్ళు నోరు తెరిస్తే నీళ్ళు మింగే పనిలో ఉండి ఇప్పుడు నోరు తెరిస్తేనే జీతం వచ్చే పనికి వెళ్తానంటోంది. ధైర్యం ఉన్న పిల్లే.

విశాఖ_అలలు
మీ బావగారి మాటే కరెక్ట్. వీర్ధవల్ ఖాడే ఏం చేశాడు? 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు, 2010లో గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో 50 మీటర్ల బటర్‌ఫ్లైలో కాంస్యం తెచ్చాడు. అది 24 ఏళ్ళ తర్వాత ఈతలో మనకి వచ్చిన ఆసియా క్రీడల పతకం, అంతకుముందుది 1986లో ఖజాన్ సింగ్ తెచ్చిన రజతం. అంతటివాడు మహారాష్ట్రలో తహసీల్దారుగా చేరాడు. దేశంలోనే టాప్ ఈతగాడు సర్కారు కుర్చీ వెతుక్కుంటే స్టేట్ మెడల్ పిల్లకి టీవీ ఎవరిస్తారండీ?

పాతరేడియో
కృష్ణలంక గారూ, మీరు అడిగినదానికి సూటిగా జవాబు ఉంది. పేరు డోనా డి వరోనా. అమెరికా ఆవిడ. మీ మేనకోడలిలాగే 400 ఐఎం ఈతగత్తె, అందుకే రాయబుద్ధయింది.

1947లో పుట్టింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌కి అమెరికా జట్టులో వెళ్ళేనాటికి 13 ఏళ్ళు, ఆ జట్టులో అందరికన్నా చిన్నది. రిలే హీట్స్‌లో, అంటే ఫైనల్‌కి ముందు జరిగే అర్హత రౌండ్లలో, ఈదించారు, ఫైనల్లో వేరేవాళ్ళని దింపారు. జట్టుకి స్వర్ణం వచ్చింది గానీ హీట్స్‌లో ఈదినవాళ్ళకి ఆ రోజుల్లో పతకం ఇచ్చేవాళ్ళు కాదు. వట్టి చేతులతో ఇంటికొచ్చింది. తర్వాత శాంటా క్లారా క్లబ్బులో జార్జ్ హేన్స్ అనే పెద్ద కోచ్ దగ్గర తయారై 1964 టోక్యోకి వెళ్ళింది. 400 ఐఎం ఒలింపిక్స్‌లో పెట్టడం అదే మొదటిసారి. 5 నిమిషాల 18.7 సెకన్లలో గెలిచింది. రెండో స్థానం షెరాన్ ఫినరన్‌ది, 5:24.1. మూడో అమ్మాయి ఆమె వెనకాలే పదో వంతు సెకను తేడాతో తాకింది. అంటే రజతానికీ కాంస్యానికీ మధ్య వెంట్రుకవాసి, స్వర్ణానికీ రజతానికీ మధ్య అయిదు సెకన్లకు పైనే. ఫ్రీస్టయిల్ రిలేలో ఇంకో స్వర్ణం.

ఇక్కడే అసలు కథ. అప్పటికి 17 ఏళ్ళు. మగపిల్లలైతే కాలేజీ జట్లు, స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. ఆడపిల్లలకి ఈత మీద స్కాలర్‌షిప్ అన్న మాటే లేదు. రెండు స్వర్ణాలున్న పిల్లకి ఈదడానికి ఇక చోటు లేదు. మానేసింది. 1965లో ఏబీసీ అనే అమెరికా టీవీ నెట్‌వర్క్ వాళ్ళు తమ వైడ్ వరల్డ్ ఆఫ్ స్పోర్ట్స్ కార్యక్రమంలో ఈత పోటీలకి వ్యాఖ్యానం చెప్పమన్నారు. అమెరికా జాతీయ టీవీలో క్రీడా వ్యాఖ్యాతగా కూర్చున్న మొదటి ఆడమనిషి ఆవిడే. పక్కన జిమ్ మెకే లాంటి తలపండిన వ్యాఖ్యాతలు. అక్కణ్ణుంచి దశాబ్దాల పాటు ఒలింపిక్స్ కవరేజీ చేసింది.

కృష్ణలంక_మావయ్య
పాతరేడియో గారూ, ఇది మా అక్కకి చదివి వినిపించాను. ఒకటే అంది, "రెండు ఒలింపిక్ స్వర్ణాలుంటే నేనూ పంపిస్తా."

కోటప్పకొండ_ప్రభ
అక్కయ్య గారికి పాయింట్ ఇవ్వాల్సిందే 😀

డల్లాస్_శీను
నేను ఉండేది అమెరికాలో, మా వాడు క్లబ్ స్విమ్మింగ్ చేస్తాడు, వారాంతాలు పూల్ గట్టు మీద స్టాప్‌వాచ్ పట్టుకుని వాలంటీర్ పని. ఇక్కడ పాత కోచ్‌లు డి వరోనా పేరు ఇప్పటికీ తలుచుకుంటారు, టీవీ కంటే వేరే కారణానికి. కాలేజీల్లో ఆడపిల్లలకి క్రీడల్లో సమాన అవకాశం ఇచ్చిన 1972 టైటిల్ నైన్ చట్టం ఉంది కదా, దాన్ని నిలబెట్టడానికి వాషింగ్టన్ చుట్టూ తిరిగినవాళ్ళలో ఆవిడ ఒకరు. టెన్నిస్ ఆవిడ బిల్లీ జీన్ కింగ్‌తో కలిసి విమెన్స్ స్పోర్ట్స్ ఫౌండేషన్ పెట్టింది, దానికి మొదటి అధ్యక్షురాలు. 1999 మహిళల ఫుట్‌బాల్ వరల్డ్ కప్ నిర్వహణ కమిటీకి చైర్మన్ కూడా ఆవిడే, ఆ ఫైనల్‌కి రోజ్ బౌల్ స్టేడియంలో 90 వేల మందికి పైగా వచ్చారు.

కానీ పాతరేడియో గారు సగం కథ దగ్గర ఆపారు. 1998లో ఏబీసీ ఆవిడని తీసేసింది. 2000లో ఆవిడ 5 కోట్ల డాలర్లకి కేసు వేసింది, వయసు చూసి, ఆడదాన్నని తీసేశారని. కుర్ర మగ ప్రేక్షకులకి ఈవిడ ఎక్కడం లేదన్న మాట వచ్చిందని ఆవిడ ఆరోపణ. తర్వాత రాజీ అయింది. అప్పటికి ఆవిడకి యాభై దాటాయి. పక్కన అంతకన్నా పెద్ద వయసు మగ వ్యాఖ్యాతలు హాయిగా కూర్చుని ఉండేవాళ్ళు ఆ రోజుల్లో. కాబట్టి పిల్లకి టోక్యో సంగతే కాదు, ఈ కోర్టు సంగతి కూడా చెప్పండి.

విశాఖ_అలలు
అదే నేను చెప్పేది. రైల్వేలో 60 దాకా ఎవడూ కదపడు.

లేన్5
చాలా రోజుల తర్వాత లాగిన్ అయ్యాను ఈ థ్రెడ్ చూసి. నేను హైదరాబాద్‌లో పదేళ్ళు పోటీ ఈత చేశాను, గచ్చిబౌలి పూల్ నీళ్ళు ఎన్ని మింగానో లెక్కలేదు. నేషనల్ మెడల్ లేదు. తర్వాత ఒక తెలుగు న్యూస్ చానల్‌లో స్పోర్ట్స్ రిపోర్టర్‌గా చేరి అయిదేళ్ళు చేశాను, పేరు అడక్కండి. మావయ్య గారూ, మీ అమ్మాయికి పనికొచ్చేవి కొన్ని చెప్తాను, పెద్దవాళ్ళ చరిత్రలు కాదు, మామూలు సంగతులు.

మొదటిరోజు ప్రాంప్టర్ (చదవాల్సిన మాటలు కనపడే తెర) ముందు కూర్చోబెట్టి బులెటిన్ చదవమన్నారు. చదివాను. లోపల పీసీఆర్‌లో, అంటే ప్రోగ్రాం నడిపే కంట్రోల్ రూంలో, నవ్వులు. బయటికొచ్చాక ప్రొడ్యూసర్ టేప్ వేసి చూపించాడు. ఊపిరి పట్టి ఒక పేరా మొత్తం గుక్క తిప్పుకోకుండా చదివేసి, చివర హా అని పెద్ద శబ్దంతో గాలి పీలుస్తున్నాను, సరిగ్గా గోడ తాకి తల పైకెత్తినట్టు. మైక్ కాలర్ దగ్గర ఉంటుంది కదా, ఆ హా మాత్రం స్పష్టంగా వినపడింది. పదేళ్ళ అలవాటు అది, చేతులు ఆడుతున్నంతసేపూ ఊపిరి దాచుకోవడం. నెల పట్టింది పోవడానికి. ఇంట్లో పేపర్ పెట్టుకుని ప్రతి కామా దగ్గర పెన్సిల్‌తో చిన్న గీత గీసి, గీత దగ్గర ముక్కుతో చిన్నగా పీల్చడం ప్రాక్టీస్ చేశాను.

ఇంకోటి, భుజాలు. బటర్‌ఫ్లై చేసినవాళ్ళకి తెలుసు. కాస్ట్యూమ్ రూంలో ఉన్న బ్లేజర్ ఒక్కటీ పట్టలేదు. ఆ కుర్రాడు నా ముందే "అక్కా, జెంట్స్‌వి చూడమంటారా" అన్నాడు పాపం, ఎగతాళిగా కాదు, నిజంగానే. జుట్టు క్లోరిన్‌కి రాగి తీగలా ఉండేది, మేకప్ ఆవిడ రోజూ తిట్టేది. ఇవన్నీ నవ్వుకునే విషయాలే ఇప్పుడు. అప్పుడు బాత్రూంలో ఏడ్చాను.

ప్రాంప్టర్_పంతులు
లేన్5 గారి పోస్టు చదివి మా పీసీఆర్ గుర్తొచ్చింది. నేను తెర వెనక మనిషిని, 20 ఏళ్ళుగా ఆ పనే. యాంకర్ పని అంటే అందంగా చదవడం అనుకుంటారు బయట. చెవిలో చిన్న ఇయర్‌పీస్ ఉంటుంది. అందులో మేము మాట్లాడుతూనే ఉంటాం. "బైట్ (ఎవరో మాట్లాడిన క్లిప్) రెడీ లేదు, పొడిగించు", "పది సెకన్లు", "గెస్ట్ లైన్ కట్ అయింది, తర్వాతి ఐటెంకి వెళ్ళు". యాంకర్ ఇది వింటూ, ముఖంలో ఏమీ కనపడనీయకుండా, ఎదురుగా ఉన్న గెస్ట్ చెప్పేది కూడా వింటూ, తర్వాతి ప్రశ్న తయారు చేసుకోవాలి. రెండు చెవులూ రెండు పనులు. అందులో చాలామంది తడబడతారు. బాగా మాట్లాడేవాళ్ళే ముందు మునుగుతారు, ఎందుకంటే వాళ్ళు వినరు.

ఆటల నుంచి వచ్చినవాళ్ళకి ఒక లాభం, గడియారం అంటే భయం ఉండదు. పది సెకన్లు అంటే ఎంతో వాళ్ళకి ఒంట్లో తెలుసు. మామూలు వాళ్ళకి పది సెకన్లు అంటే గాభరాపడి అయిదులో ముగించేస్తారు, మిగతా అయిదూ తెర మీద దిక్కులు చూస్తారు.

లేన్5
పంతులు గారూ, ఆ పది సెకన్ల మాట నిజం. నా 200లో 50కి 50కి స్ప్లిట్, అంటే ఒక్కో 50కి పట్టిన టైం, ఎంతో వాచ్ చూడకుండా చెప్పేదాన్ని. స్టూడియోలో పనికొచ్చింది అదొక్కటే.

లీడ్స్_లత
యూకేలో నర్సుని, నైట్ డ్యూటీ అయ్యి చదువుతున్నా. ఇక్కడైతే షారన్ డేవిస్ గురించి చెప్పాలి. ఇక్కడి ఈతగత్తె, 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌కి 13 ఏళ్ళకే వెళ్ళింది, డి వరోనా లాగానే. 1978 కామన్వెల్త్ క్రీడల్లో 200, 400 ఐఎం రెండూ గెలిచింది. 1980 మాస్కోలో 400 ఐఎంలో రజతం. గెలిచింది తూర్పు జర్మనీ అమ్మాయి పెట్రా ష్నైడర్, దాదాపు పది సెకన్ల తేడాతో ప్రపంచ రికార్డు. తర్వాత ష్నైడర్ తనకి డోపింగ్ చేయించారని తనే ఒప్పుకుంది. పాపం ఆ అమ్మాయిని కూడా ఏమనగలం, టీనేజ్ పిల్లలకి కోచ్‌లు మాత్రలిచ్చిన కాలం అది. కానీ పతకాలు మాత్రం మారలేదు.

డేవిస్ ఆ తర్వాత టీవీకి వచ్చింది. అప్పట్లో అమెచ్యూర్ రూల్స్ కదా, ఆట పేరు మీద వచ్చిన ప్రచారంతో డబ్బు తీసుకుంటే పోటీలకి పనికిరావు. అంటే ఒక కాలు నీళ్ళలో ఒక కాలు స్టూడియోలో పెట్టే వీల్లేదు, ఏదో ఒకటే. రూల్స్ సడలాక ఎనభైల చివర మళ్ళీ ఈతకి వచ్చింది కొన్నాళ్ళు. 90లలో గ్లాడియేటర్స్ అని శనివారం సాయంత్రం ఒక షో, కండలు తిరిగినవాళ్ళు మామూలు మనుషులతో పోటీ పడేది, అందులో అమెజాన్ పేరుతో చేసింది. తర్వాత ఏళ్ళ తరబడి బీబీసీకి పూల్ గట్టు మీద ఇంటర్వ్యూలు. నేను చూసింది అవే.

ఆ పని చూడటానికి తేలిక. ఈతగాడు 400 కొట్టి ఇప్పుడే పైకొచ్చాడు, ఒళ్ళంతా వణుకుతోంది, నోట మాట రాదు, అయిదో స్థానం వచ్చింది, నాలుగేళ్ళ కష్టం పోయింది, ఎదురుగా మైక్. ఆ క్షణంలో "ఎలా ఫీలవుతున్నారు" అని అడిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అదే బాధ పడ్డవాళ్ళు అడిగే ప్రశ్న వేరేగా ఉంటుంది, మూడో 100లో ఏమైంది, బ్రెస్ట్‌స్ట్రోక్‌లో వెనకబడ్డావు కదా అని. అప్పుడు ఈతగాడికి చెప్పడానికి ఒక మాట దొరుకుతుంది, ఏడుపు రాదు.

కోటప్పకొండ_ప్రభ
మన దగ్గర ఓడినవాడి దగ్గరికి మైక్ పట్టుకెళ్ళే అలవాటే లేదు, గెలిచినవాడి అమ్మగారి దగ్గరికి వెళ్తారు. "మీ అబ్బాయికి ఇష్టమైన కూర ఏంటమ్మా?"

డల్లాస్_శీను
ఒకటి గమనించారా? డి వరోనా 400 ఐఎం. డేవిస్ 400 ఐఎం. ఇంకొకావిడ సమ్మర్ శాండర్స్, 1992 బార్సిలోనాలో 200 బటర్‌ఫ్లై స్వర్ణం, 200 ఐఎం రజతం, 400 ఐఎం కాంస్యం. రిలేలో హీట్ ఈది ఇంకో స్వర్ణం, అప్పటికి రూల్ మారింది, డి వరోనాకి రోమ్‌లో ఇవ్వనిది ఈవిడకి ఇచ్చారు. 1996 జట్టుకి ప్రయత్నిస్తే బెర్త్ రాలేదు. ఆ వెంటనే 1997లో నికెలోడియన్ అనే పిల్లల చానల్‌లో గేమ్ షోకి హోస్ట్. ఈతతో సంబంధమే లేదు, పిల్లలు, అల్లరి, నెత్తిన పచ్చటి జిగురు పోసే రకం. నా పెళ్ళాం చిన్నప్పుడు ఇక్కడే పెరిగింది, ఆవిడకి శాండర్స్ అంటే టీవీ ఆవిడే, ఒలింపిక్ స్వర్ణం ఉందని నేను చెప్తే నమ్మలేదు.

ముగ్గురూ ఐఎం వాళ్ళే. నాలుగు పనులు మార్చి మార్చి చేసే బుర్ర టీవీకి సరిపోతుందేమో అని నా థియరీ.

పాతరేడియో
శీనూ, ముగ్గుర్ని చూసి సూత్రం కట్టకు నాయనా. రౌడీ గెయిన్స్ సంగతేంటి మరి? అమెరికా ఈతగాడు, పక్కా ఫ్రీస్టయిల్ మనిషి.

కోటప్పకొండ_ప్రభ
పేరే రౌడీనా?

పాతరేడియో
అసలు పేరు ఆంబ్రోస్, ముద్దుపేరు రౌడీ. మనిషి మహా మంచివాడు. ఈయనది వేరే దారి. పోటీ ఈత మొదలుపెట్టిందే 17 ఏళ్ళకి. 1980 నాటికి ప్రపంచ రికార్డుల మీద ఉన్నాడు, అమెరికా మాస్కోని బహిష్కరించింది, వెళ్ళలేకపోయాడు. నాలుగేళ్ళు ఆగి 25 ఏళ్ళకి 1984 లాస్ ఏంజెలిస్‌లో 100 ఫ్రీస్టయిల్ గెలిచాడు. ఎలా గెలిచాడో వినండి. ఆ స్టార్టర్ గన్ త్వరగా పేలుస్తాడని కోచ్ రిచర్డ్ క్విక్ ముందే కనిపెట్టి చెప్పాడు. బ్లాక్ ఎక్కగానే సిద్ధంగా ఉన్నాడు, మిగతావాళ్ళు ఇంకా సర్దుకుంటుండగానే నీళ్ళలో దూకాడు. ఆస్ట్రేలియా వాళ్ళు ఫిర్యాదు చేశారు, చెల్లలేదు. రిలేలతో కలిపి మొత్తం మూడు స్వర్ణాలు.

1991లో గియాన్ బరే సిండ్రోమ్ వచ్చింది, ఒళ్ళు చచ్చుబడిపోయే జబ్బు. రెండు నెలలు ఆసుపత్రి. కోలుకుని 90ల నుంచి ఎన్‌బీసీ అనే అమెరికా టీవీ నెట్‌వర్క్‌లో ఈత వ్యాఖ్యానం. 2008 బీజింగ్‌లో 4×100 రిలే గుర్తుందా, అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఎనిమిది స్వర్ణాల కథలో రెండోది. చివరి 50 మీటర్లలో ఫ్రాన్స్ బెర్నార్ ముందున్నాడు, వ్యాఖ్యాతలిద్దరూ అమెరికాకి రజతమే అన్నట్టు మాట్లాడేశారు, అంతలో జేసన్ లెజాక్ తరుముకొచ్చి 0.08 సెకన్ల తేడాతో గోడ తాకాడు. గెయిన్స్ గొంతు అక్కడ పగిలిపోయింది అరిచి అరిచి. కొందరికి ఆయన అరుపులు చిరాకు. నాకు మాత్రం అది ఇష్టం. తప్పు చెప్పాడు, రెండు సెకన్లలో తనే నోరు మార్చుకున్నాడు, దాచుకోలేదు.

ప్రాంప్టర్_పంతులు
వ్యాఖ్యానం వేరు, యాంకరింగ్ వేరు, థ్రెడ్‌లో రెండూ కలిసిపోతున్నాయి. గెయిన్స్ నిపుణుడి కుర్చీలో ఉన్నాడు, ఆ కుర్చీకి మెడల్ టికెట్ లాంటిది. శాండర్స్ హోస్ట్, అక్కడ మెడల్ మొదటిరోజు తలుపు తీస్తుంది, రెండోరోజు నుంచి ఎవడూ అడగడు. డేవిస్ చేసింది మూడోది, గట్టు మీద రిపోర్టింగ్, ఈ రెంటికీ మధ్యలో. మావయ్య గారూ, మీ అమ్మాయికి ఒలింపిక్ మెడల్ లేదు, అంటే మొదటి కుర్చీ మూసేసినట్టే. మిగతా రెంటికీ మెడల్ అక్కర్లేదు. ఏది కావాలంటోందో అడగండి ముందు.

విశాఖ_అలలు
తెలుగులో ఈత లైవ్ ఎవరు చూపిస్తున్నారండీ అసలు? స్టార్ స్పోర్ట్స్ తెలుగు 2018 చివర్లో వచ్చింది. తెలుగు వ్యాఖ్యానం అంటే క్రికెట్, కబడ్డీ. ఈత తెలిసిన యాంకర్ ఏం చేయాలి, కబడ్డీ దగ్గర నిలబడాలా?

లేన్5
నిలబడాలి. నేను నిలబడ్డాను. అయిదేళ్ళలో ఈత మీద నేను చేసిన స్టోరీలు నాలుగు. మిగతావన్నీ క్రికెట్, బ్యాడ్మింటన్, కబడ్డీ, ఒకసారి పశువుల పందేలు కూడా, రాత్రి రెండింటికి, బండరాయి లాగే ఎద్దుల పక్కన లోగో పట్టుకుని. ఎద్దుల ఒగురుపు మైక్‌లో పడితే డెస్క్ వాడు ఫోన్ చేసి ఆ సౌండ్ తీసేయనా అని అడిగాడు. వద్దన్నాను. ఆ స్టోరీకే అందరూ బాగుందన్నారు.

నేను మానేసింది వేరే కారణానికి. జీతం మూడేళ్ళు పెరగలేదు, పైగా ఒకరోజు పెద్దాయన ఒకాయన పిలిచి, స్టూడియోలోకి రావాలంటే కాస్త సన్నబడమ్మా అన్నాడు. ఈత మానేశాక ఈతగాళ్ళు ఒళ్ళు చేస్తారు, అది సహజం, రోజుకి అయిదు కిలోమీటర్లు ఈదిన ఆకలి ఒక్కరోజులో పోదు. నాతోపాటు చేరిన అబ్బాయి పొట్ట టేబుల్ మీద ఆనేది, వాడికెవరూ చెప్పలేదు. శీను గారు రాసిన ఏబీసీ కేసు చదివి అరగంట కూర్చుండిపోయాను. ఆవిడ కేసు వేసింది. నేను రిజైన్ చేసి ఇంటికొచ్చాను.

లీడ్స్_లత
లేన్5 గారూ ❤️ ఇప్పుడేం చేస్తున్నారు?

లేన్5
పిల్లలకి ఈత నేర్పిస్తున్నా, వారానికి రెండు రోజులు వాయిస్ ఓవర్‌లు. వాయిస్ ఓవర్‌కి భుజాల కొలత అడగరు 😀

నిర్వాహకుడు
చర్చ బాగుంది, కొనసాగించండి. చానల్ పేర్లు, మనుషుల పేర్లు ఊహించి రాస్తున్న రెండు పోస్టులు తీసేశాను.

కృష్ణలంక_మావయ్య
రెండు రోజులు రాలేకపోయాను. మీ పోస్టులన్నీ దానికి ఫోన్‌లో పంపించాను. బావకి కూడా. బావ చదివాడో లేదో తెలీదు గానీ డల్లాస్ శీను గారి కోర్టు కేసు పోస్టు ఒకటి దానికి తిరిగి ఫార్వర్డ్ చేశాడు, కింద ఏమీ రాయకుండా.

పిల్ల నిన్న సాయంత్రం పూల్ దగ్గరికి రమ్మంది. వెళ్ళాను. చిన్నపిల్లల క్లబ్ మీట్ జరుగుతోంది, అండర్ 10. నా ఫోన్ నా చేతికిచ్చి, "మావయ్యా, నేను చెప్పినప్పుడు నొక్కు" అంది. 50 ఫ్రీస్టయిల్ హీట్‌లో ఆఖరున వచ్చిన ఒక బుడ్డోడు, గాగుల్స్ నుదుటి మీదికి జరిగిపోయి, ముక్కు కారుతూ పైకెక్కాడు. వాళ్ళ నాన్న గట్టు మీద నుంచి అరుస్తున్నాడు, కాళ్ళు ఆడించలేదేంట్రా అని. ఇది వెళ్ళి వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని మైక్ లాగా నీళ్ళ బాటిల్ పెట్టి, "దూకగానే గాగుల్స్ జారాయి కదా, నీళ్ళు కళ్ళలోకి వెళ్ళాయా? గోడ ఎలా కనపడింది నీకు?" అని అడిగింది. వాడు, "కనపడలేదు అక్కా, నల్ల గీత చూసుకుంటూ వెళ్ళా" అన్నాడు. వాళ్ళ నాన్న అరవడం ఆపేశాడు.

వీడియో నిమిషం పది సెకన్లు. బుడ్డోడి ముఖం కనపడకుండా కత్తిరించి, వాళ్ళ నాన్నని అడిగే లింక్ పెడుతున్నా. చూసి తప్పులు చెప్పండి, మొహమాటం వద్దు.

ప్రాంప్టర్_పంతులు
చూశాను. నిలువుగా తీశారు, అడ్డంగా తీయాలి, అది మీ తప్పు మావయ్య గారూ. వెనక మోటార్ శబ్దం ఎక్కువగా ఉంది, పంప్ రూంకి దూరంగా నిలబడమనండి. అమ్మాయి మొదట ఒకే గుక్కలో అయిదు వాక్యాలు చెప్పేసింది.

లేన్5
చివర ఆ హా కూడా వినపడింది 😀 పెన్సిల్ గీతల సంగతి చెప్పండి దానికి. ప్రశ్న మాత్రం నేను అయిదేళ్ళలో అడగలేదు అలాంటిది.

విశాఖ_అలలు
రైల్వే నోటిఫికేషన్ వస్తే అప్లై చేయించండి. చేస్తూ చేస్తూ వీడియోలు తీయమనండి. నేను అనేది అంతే.

కోటప్పకొండ_ప్రభ
ఆ బుడ్డోడికి ఇష్టమైన కూర ఏంటో అడగలేదు, పనికిరాదు ఈ పిల్ల.

కృష్ణలంక_మావయ్య
లేన్5 గారూ, మీ నంబర్ కావాలంటోంది. ఇక్కడ పెట్టకండి, మెసేజ్ చేయండి. పొద్దున ఆరింటి తర్వాత ఎప్పుడైనా ఖాళీయేనట, ఇప్పుడు నాలుగున్నరకి లేవడం లేదు కదా.